కుడి పక్క బటన్లు

భూపాలపల్లి క్వార్టర్లలో మా బావ గురించి ఒక మాట స్థిరపడిపోయింది. అన్‌ఫిట్ కోసం నటించి నటించి, ఆ నటననే రోగంగా తెచ్చుకున్నాడని. టీకొట్టు దగ్గర, షిఫ్ట్ బస్సులో, ఒకసారి పెళ్లి పంక్తిలో కూడా ఈ మాట విన్నాను. అనేవాళ్లకు ఆయన మీద కోపమేమీ లేదు. జాలిపడుతూనే అంటారు. కాని ఆ మాట అబద్ధం. ఆయన ఒక్కరోజు కూడా నటించలేదు. ఆయన చేతికి ఏదో అయిందని అందరికంటే ముందు, ఆయనకంటే కూడా ముందు తెలిసినవాణ్ని నేను. ఒక కంప్యూటర్ ఆట వల్ల తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాను.

బొగ్గుబావుల ఊళ్ల సంగతి తెలియనివాళ్లకు ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. అక్కడ కార్మికుడికి ఇంకా సర్వీసు మిగిలి ఉండగానే మెడికల్ బోర్డు అతను పనికి పనికిరాడని తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. అదే అన్‌ఫిట్. ఆరోగ్యంగా రిటైరైతే కొడుక్కి ఏమీ రాదు. అందువల్ల ఆ ఇళ్లలో ఒక వయసు దాటిన మగవాడి ఆరోగ్యం ఇంటికి అడ్డంగా కనబడటం మొదలవుతుంది. ఎవరూ పైకి అనరు. మోకాలు నొప్పి, బీపీ, చూపు మందగించడం, ఏది దొరికితే దాన్ని పట్టుకుని బోర్డు దాకా వెళ్లాలని చూస్తారు. బోర్డు ముందు ఎలా నడవాలో, డాక్టర్ అడిగితే ఎంతసేపు ఆగి జవాబు చెప్పాలో చెప్పే అనుభవజ్ఞులు ప్రతి వీధిలోనూ ఉంటారు.

మా బావకు ఇవన్నీ అసహ్యం. ఓపెన్ కాస్ట్ గనిలో డంపర్ నడిపేవాడు. ఇల్లంత బండి అది. దాన్ని మట్టిగుట్ట అంచున ఎక్కడ ఆపాలో అక్కడే ఆపేవాడని ఆయనతో పనిచేసినవాళ్లు చెబుతారు. కొన్నాళ్లుగా మోకాళ్లు వాచి, నిచ్చెన ఎక్కి క్యాబిన్‌లో కూర్చోవడం కష్టమై సిక్‌లో, అంటే జబ్బు సెలవులో ఉన్నాడు. తగ్గాక మళ్లీ బండి ఎక్కుతాననే అనేవాడు. ఆయన్ని బోర్డుకు దరఖాస్తు పెట్టించింది మా అక్క, నేను.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. అక్క సోరకాయ కోస్తోంది. బావ మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"నాకేమైంది? మోకాళ్లు నొస్తున్నయ్. ఎవనికి నొయ్యవు?" అన్నాడు.

"నీకేం కాలే. నీ కొడుకు మొకం చూడు జర," అంది అక్క తల ఎత్తకుండానే. "ఇంజినీరింగ్ చదివి హైదరాబాదుల హాస్టల్ అన్నం తింటుండు. ఎన్ని పరీక్షలని రాస్తడు?"

"వాని రాత వాడు రాసుకుంటడు."

"గా రాత రాసుడే అయితంది గదా ఇన్నేండ్లు."

బావ నా వైపు చూశాడు. తన తరఫున మాట్లాడతానని అనుకున్నట్టున్నాడు. నేను, "పెట్టి చూద్దాం బావ. ఫిట్ అంటె మళ్ల బండెక్కుతవు," అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. మరునాడు వెళ్లి సంతకం చేసి వచ్చాడు.

నా మాటకు అంత విలువ ఎందుకంటే, అక్కకు నేను తమ్ముణ్ని మాత్రమే కాదు, పెంచిన బిడ్డను కూడా. జనగామలో అమ్మ చనిపోయాక నాకు విషజ్వరం వస్తే ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తింది ఆమే. పెళ్లయి భూపాలపల్లి వెళ్లాక కూడా నా చదువు సంగతి వాళ్లే చూశారు. ఇప్పుడు నాకు మహబూబాబాద్‌లో స్టేషన్‌కు దగ్గర్లో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. సీజన్‌లో కేసముద్రం మార్కెట్‌లో రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణాల సిస్టంలు కూడా చూస్తాను. అక్క ఇంట్లో ఏ వైరు ఊడినా నాకే ఫోను.

వాళ్లింటి కంప్యూటర్ అల్లుడి, అంటే అక్క కొడుకు చదువు కోసం నేనే బిగించి ఇచ్చింది. వాడు హైదరాబాద్ వెళ్లాక అది క్రోషియా గుడ్డ కప్పుకుని ముందు గదిలో ఉండేది. సిక్‌లో పడ్డాక పొద్దుపోక బావ దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. వాడు ఎప్పుడో వేసుకున్న లారీ ఆట అందులో ఉంది. ఏదో చలిదేశంలో సరుకు ఎక్కించుకుని ఊరి నుంచి ఊరికి తోలుకుపోవడమే ఆట. పిల్లలైతే గుద్దేసి నవ్వుకుంటారు. బావ అలా కాదు. సిగ్నల్ దగ్గర ఆగేవాడు. మలుపుకు ముందు ఇండికేటర్ వేసేవాడు. ట్రాలీని వెనక్కి పెట్టేటప్పుడు కుర్చీలోంచి తల తిప్పి వెనక్కి చూసేవాడు, అక్కడ గోడ తప్ప ఏమీ లేకపోయినా.

"ఇదేం దేశం బామ్మర్ది," అన్నాడు నాతో ఒకసారి. "పొద్దటి సంది తోలుతున్న, ఒక్కడు హారన్ కొడుతలేడు. ఒక బర్రె అడ్డం వస్తలేదు. నిద్రొస్తంది."

ఆ ఆట ఆయనకు కాలక్షేపం మాత్రమే అనుకున్నాను. కాదు. ఇంకా బండి నడపగలనని ఆయన రోజూ చూసుకునేది అక్కడే.

మొదటిసారి ఫోన్ చేసింది వేసవి మొదట్లో. "లారీ స్ట్రక్ అయితంది. నేను తిప్పినంక జరసేపటికి తిరుగుతంది. అప్పటికి రోడ్డు పక్క కమ్మి గుద్దుకుంటుంది," అన్నాడు. షాపులో గిరాకీ ఉంది. వెనక తీగలు గట్టిగా ఉన్నాయేమో చూడమన్నాను. సీపీయూ డబ్బా గోడలో గూడులా కట్టిన బండ కింద ఉంటుంది. ఆయన మోకాళ్ల మీద కూర్చోలేక కూర్చుని లోపలికి దూరాడు. తీగలన్నీ నొక్కి లేచేటప్పుడు ఫోన్‌లో ఠప్పుమని చప్పుడు వినిపించింది.

"ఏమైంది బావ?"

"ఏం లేదు. బండ తాకింది. నీ సిస్టంకు కొబ్బరికాయ కొట్టిన, ఇగ మంచిగ నడుస్తదేమో."

ఇద్దరం నవ్వుకున్నాం. నడవలేదు. ఆ ఆదివారం వెళ్లి డబ్బా విప్పాను. భూపాలపల్లిలో కంప్యూటర్ విప్పడం వేరే ఊళ్లలో విప్పినట్టు ఉండదు. బొగ్గుపొడి, వంటింటి నూనె ఆవిరి కలిసి ఫ్యాన్ రెక్కల మీద నల్లటి జిగురులా పట్టి ఉంది. వేడి బయటికి పోయే దారి లేదు. పైగా డబ్బా మీద కూడా అక్క గుడ్డ కప్పింది. వేడెక్కితే సిస్టం తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది, ఆట ఆగి ఆగి నడుస్తుంది. బ్రష్‌తో, పెట్రోలు గుడ్డతో తుడిచి, చిప్ మీద కొత్త పేస్టు పూసి, డబ్బాను బండ కింది నుంచి బయటికి జరిపాను. గుడ్డ తీసేయమంటే అక్క మొహం మాడ్చుకుంది.

"బొగ్గు పడుతది తమ్మీ."

"పడనియ్ అక్క. దానికి ఊపిరాడాలె."

లారీ మళ్లీ పరిగెత్తింది. బావ ఆ సాయంత్రం నన్ను బస్టాండ్ దాకా బండి మీద దింపాడు.

ఎండలు ముదిరాక రెండోసారి ఫోన్ వచ్చింది. మళ్లీ అదే. తిప్పాక కాసేపటికి తిరుగుతోంది. మళ్లీ బొగ్గే పట్టి ఉంటుందనుకుని వెళ్లాను. విప్పి చూస్తే లోపల శుభ్రంగా ఉంది. వేడి ఎంతుందో చూశాను, మామూలుగానే ఉంది. వెనకాల ఏదైనా అప్‌డేట్ నడుస్తుందేమో చూశాను. లేదు. ఆటలో బొమ్మల నాణ్యత తగ్గించాను. షాపు నుంచి తెచ్చిన కొత్త మెమరీ వేశాను. ఆయన కూర్చుని నడిపాడు.

"ఏం ఫరక్ లేదు," అన్నాడు.

ఆటలు ఆలస్యం కావడంలో రెండు రకాలుంటాయి. బొమ్మ కదలడమే కుంటుతూ ఉంటే ఒక రకం. బొమ్మ నున్నగా కదులుతూ, మనం నొక్కింది మాత్రం ఆలస్యంగా అందితే ఇంకో రకం. ఇది రెండోది. చెట్లు, రోడ్డు, ఎదురొచ్చే కార్లు అన్నీ నున్నగా వెళ్తున్నాయి. లారీ ఒక్కటే మలుపు దగ్గర ఆలోచిస్తోంది. కీబోర్డు చెడిందనుకుని, నా సంచీలోని ఇంకోటి తగిలించాను. అదే తీరు. ఆయన్ని లేపి నేను కూర్చున్నాను. నొక్కగానే తిరిగింది. ఎన్నిసార్లు నొక్కినా నొక్కగానే తిరిగింది.

"నువ్వు కూసుంటె మంచిగ నడుస్తది," అన్నాడు బావ. "సర్కారు దవాఖాన మిషన్ లెక్క. సారొస్తేనే పని చేస్తది."

నేను నవ్వలేదు. నా కళ్లు ఆయన చేతుల మీద ఉన్నాయి. ఆయన ఆటంతా కుడిచేత్తోనే ఆడతాడు, కుడి పక్కనున్న నాలుగు బాణం గుర్తుల బటన్లతో. ఎడమచెయ్యి మోకాలి మీద ఉంటుంది. నాకు ఒక అనుమానం వచ్చింది. ఆట సెట్టింగుల్లోకి వెళ్లి, తిప్పే పనిని ఎడమ పక్క అక్షరాల బటన్లకు మార్చాను. "ఈసారి ఎడమచేత్తో తోలు బావ," అన్నాను.

తోలాడు. లారీ నొక్కగానే తిరిగింది. అలవాటు లేని చేత్తో. మలుపు, ఇంకో మలుపు, వంతెన. ఒక్కసారీ కమ్మి తగల్లేదు.

మళ్లీ కుడి పక్కకు మార్చాను. మళ్లీ ఆలస్యమైంది. మళ్లీ ఎడమకు మార్చాను. బాగుంది.

నేను చేసేది యంత్రాల పని. తప్పు ఎక్కడుందో కనిపెట్టాలంటే ఒక్కొక్కటే మార్చి చూస్తాం. ఏది మారిస్తే తప్పు పోతుందో తప్పు అక్కడే ఉంటుంది. ఆ మధ్యాహ్నం మార్చగలిగినవన్నీ మార్చాను. చివరికి తప్పు ఉన్నచోటు తేలింది. అది నా ముందు కుర్చీలో కూర్చుని ఉంది. అంతకు ముందు చూసి కూడా పట్టించుకోనివి అప్పుడు వరసగా కళ్లముందుకొచ్చాయి. భోజనంలో ముద్ద పళ్లెంలోనే జారిపోవడం, నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం.

"ఏందయ్యా, దొరికిందా?" అన్నాడు. కుర్చీ తిప్పి నా మొహంలోకి చూశాడు. ఈసారి గొంతు తగ్గించాడు, వంటింట్లో అక్క వినకుండా. "నిజం చెప్పు బామ్మర్ది. సిస్టం ఆగుతందా, నేను ఆగుతున్ననా? నేనే అయితె చెప్పు. రేపే వరంగల్ పోయి చూపెట్టుకుంట. ఏదన్న ఉంటె మందులేసుకుని మంచిగైత."

మంచిగైత. ఆ మాట దగ్గరే నేను ఆగాను. దరఖాస్తు వెళ్లింది. బోర్డు పిలుపు వచ్చే నెల అంటున్నారు. మోకాళ్ల నొప్పికి అన్‌ఫిట్ ఇస్తారో లేదో అని అక్కకు బెంగ. ఈ చెయ్యి నిజంగా ఇలా ఉంటే బోర్డు కాదనలేదు. ఇప్పుడే వరంగల్ వెళ్లి, మందులు పడి, చెయ్యి బాగైతే, బోర్డు ముందుకు బాగైన మనిషి వెళ్తాడు. అల్లుడు హాస్టల్లోనే ఉంటాడు. ఇంత లెక్క నా బుర్రలో తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు.

"సిస్టమే బావ," అన్నాను. "కుడి పక్క బటన్లు ఆలస్యంగ అందుతున్నయ్. లోపల పోర్టు దగ్గర లోపం. ఎడమ పక్కకు పెట్టిన, ఇగ గట్లనే ఆడు."

"రెండు కీబోర్డులకూ కుడి పక్కనే చెడ్తదా?"

"లోపం కీబోర్డుల లేదు బావ. సిస్టం లోపలి బోర్డుల ఉన్నది."

నా పని మీద ఆయనకు నమ్మకం. మొహంలో బరువు దిగిపోవడం నాకు కనిపించింది. ఎడమచేత్తో ఆటలో లారీ తోలుకుంటూ వెళ్లిపోయాడు. ఇంకా బండి తోలగలనో లేదో తెలుసుకోవడానికి ఆయనకున్న ఒక్క దారిని నేనే మూసేశాను. అది కూడా ఆట బాగుచేసినట్టే కనబడేలా.

సాయంత్రం టీ తాగుదామని బయటికి తీసుకెళ్లాడు. నడుస్తుంటే కుడికాలి చెప్పు జారింది. ఆగి వేసుకున్నాడు. మళ్లీ జారింది. టీకొట్టు దగ్గర పక్క వీధి డ్రిల్లర్ ఒకాయన చూశాడు.

"అన్నా, గా చెప్పు జారుడు మస్తుగున్నది," అన్నాడు. "బోర్డు ముంగట గట్లనే జార్చు. ఎక్కువ జార్చకు, అనుమానమొస్తది."

"ఏయ్, ఎవ్వలకు నేర్పుతున్నవ్ రా, మా అన్నకా," అన్నాడు ఇంకొకాయన. "నిన్న గ్లాసు పట్టుకునుడు చూసినవా? నాకే ఏడుపొచ్చింది."

అందరూ నవ్వారు. బావకు కోపం వచ్చింది. "నాకు యాక్టింగ్ రాదు రా. వస్తే సినిమాలల్లనే ఉందు," అన్నాడు. దానికి ఇంకా నవ్వారు. "గిట్లనే గరమ్ గావాలె అన్న, గది గూడ పనికొస్తది," అన్నాడు డ్రిల్లర్. నేను కూడా వాళ్లతో కలిసి నవ్వాను. ఆ గుంపులో ఆ చెప్పు ఎందుకు జారిందో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

డాక్టర్ను కాను కదా, నాకేం తెలుసు అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అది నిలబడదు. ఆ రోజు తిరుగు బస్సులో, పరకాల దగ్గర బస్సు ఆగినప్పుడు, ఫోన్‌లో వెతికాను. ఒక చెయ్యి నెమ్మదించడం అని కొట్టగానే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమని మొదటి వాక్యంలోనే ఉంది. చదివాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఒక నెలలో ఏమవుతుందిలే అనుకున్నాను.

బోర్డు ఆ నెల కూర్చోలేదు. వాయిదా పడింది. అక్క ఫోన్‌లో పరేషాన్‌గా ఉంది, బోర్డు గురించి. మధ్యలో బావ సంగతులు చెప్పింది. "పొద్దంత పండుకొనే ఉంటుండు తమ్మీ. నెత్తి నొస్తుందంటడు. మాట గూడ మెల్లగ మాట్లాడ్తుండు. ఒక్కొక్కపారి నన్ను పిలవబోయి నీ పేరు పిలుస్తుండు." ఆగి, కొంచెం నవ్వింది. "వద్దొద్దంటనే నేర్చుకుంటున్నట్టున్నడు."

మా అక్క చెడ్డది కాదు. చుట్టూ అందరి భర్తలూ నేర్చుకున్నారు కాబట్టి తన భర్త కూడా నేర్చుకుంటున్నాడని నమ్మింది. ఆ ఊళ్లో అలా నమ్మడం చాలా తేలిక. నిజంగా రోగం వచ్చినా అక్కడ అది రోగంలా కనబడదు. ఆమెకు నేనొక్క మాట చెబితే చాలు. "నెత్తినొప్పికి గోలీ వెయ్ అక్క," అన్నాను. "బోర్డు అయ్యేదాక చూద్దాం."

బావ ఆట మానేశాడని కూడా ఆ ఫోన్‌లోనే చెప్పింది. కంప్యూటర్ ముందు కూర్చుని, ఏది నొక్కాలో గుర్తురానట్టు చూస్తూ ఉండి లేచిపోయాడట.

మక్కజొన్నలు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో, కేసముద్రంలో ఒక అడ్తి దుకాణంలో తూకం బిల్లుల ప్రింటర్ చూస్తున్నాను. బయట ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి, హమాలీల కేకలు. అక్క ఫోన్. మొదట ఏడుపే వినిపించింది. పొద్దున లేపితే లేవలేదట. కళ్లు తెరిచి కక్కి మళ్లీ మూశాడట. కుడి పక్క అంతా చచ్చుబడిపోయిందట. పక్కింటివాళ్లు కారులో ఎక్కించారు. నేను వచ్చేదాకా ఆగకుండా నేరుగా వరంగల్ వెళ్లిపోయారు.

నేను ప్రైవేటు దవాఖాన మెట్లెక్కేసరికి ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్తున్నారు. తల సగం గీసి ఉంది. డాక్టర్ ఫిల్ము లైటుకు పెట్టి చూపించాడు. మెదడు మీద పొర కింద రక్తం చాలా రోజులుగా కొంచెం కొంచెంగా ఊరి, గడ్డకట్టి, మెదడును పక్కకు నెట్టింది.

"తలకు దెబ్బ తగిలిందా ఎప్పుడైనా?"

అక్క లేదంది. నాకు ఫోన్‌లో విన్న చప్పుడు గుర్తొచ్చింది. బండ తాకిన సంగతి చెప్పాను. అంత చిన్న దెబ్బతో అవుతుందా సార్ అన్నాను. ఈ వయసులో చిన్నదే చాలన్నాడు. అదే అని మాత్రం చెప్పలేమన్నాడు.

"చెయ్యి బలహీనం కావడం ఎప్పటి నుంచి?"

"నిన్న మొన్నటి నుంచి సార్," అంది అక్క. నిజంగానే ఆమెకు తెలిసింది అంతే. డాక్టర్ నా వైపు చూశాడు. నేను ఫిల్ము వైపు చూశాను.

"ముందే తెస్తే పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి తీసేవాళ్లం. నాలుగు రోజుల్లో నడుచుకుంటూ ఇంటికి వెళ్లేవాడు," అన్నాడు డాక్టర్. తిట్టలేదు. రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాటలా చెప్పి లోపలికి వెళ్లాడు.

బావ బతికాడు. కుడిచెయ్యి ముడుచుకుపోయింది. కుడికాలు ఈడుస్తాడు, అదీ ఎవరైనా పట్టుకుంటే. మనం చెప్పేది అర్థమవుతుంది. ఆయనకు మాట రాదు. చాలాసేపు ప్రయత్నిస్తే ఒక్కొక్క మాట బయటికి వస్తుంది, అది కూడా ఒక్కోసారి అనుకున్నది కాదు. బోర్డుకు చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు. ఎక్కువసేపు పట్టలేదు. కొన్నాళ్లకు అల్లుడు హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేసి వచ్చి, ఉద్యోగంలో చేరాడు. నేను కోరుకున్నదంతా జరిగింది.

అప్పటి నుంచే ఆ మాట మొదలైంది. నటన నిజమైంది అని. అల్లుడికి గనిలో ఒక పేరు కూడా పెట్టారని విన్నాను, 'యాక్టర్ కొడుకు' అని. తన కోసం తండ్రి రోగం నటించాడని, అలా నటిస్తుంటే దేవుడు చూసి నిజం చేశాడని వాడు కూడా నమ్మాడు. తండ్రికి స్నానం చేయించేటప్పుడు వాడి మొహం నేను చూశాను. కృతజ్ఞత, తప్పు చేసినవాడి భయం రెండూ ఉన్నాయి. ఆ భయం నాకుండాల్సింది.

మొన్న మాఘంలో కాళేశ్వరం వెళ్లాం. బోర్డు అన్‌ఫిట్ ఇస్తే భర్తతో వచ్చి అభిషేకం చేయిస్తానని అక్క మొక్కుకుందట. దారిలో జీపులో చెప్పింది. చెప్పి ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. గుళ్లో అక్క క్యూలో నిలబడితే, బావను అంతసేపు నిలబెట్టలేక అల్లుడు, నేను గోదావరి మెట్ల మీద నీడలో కూర్చోబెట్టాం. నీళ్లు బాగా వెనక్కి పోయి ఇసుక కనిపిస్తోంది. భూపాలపల్లి నుంచి వచ్చిన కుటుంబం ఒకటి మమ్మల్ని చూసి పలకరించింది. ఆ ఇంటి పెద్దాయన బావ భుజం తట్టి, "నువ్వు మొగోనివి అన్న. కొడుకు కోసానికి ఏదైతె అదైంది," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. బావ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ఊపాడు. పెద్దాయనకు అది జబ్బు వల్ల అనిపించిందేమో, నవ్వి వెళ్లిపోయాడు. బావ ఇంకా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

అప్పుడు చెప్పాను. ఇద్దరి ముందూ చెప్పాను.

"అల్లుడా, మీ బాపు యాక్టింగ్ చెయ్యలే. ఆయన నౌకరి ఇడిసిపెడ్తనని ఒక్కనాడు గూడ అనలే. ఎండకాలంల లారీ ఆట ఆగుతుందని నన్ను పిలిచిండు. ఆట ఆగుతలేదు, చెయ్యి ఆగుతంది. నేను కనిపెట్టిన. సిస్టమా, నేనా అని అడిగిండు. నేనే అయితె రేపే దవాఖానకు పోత అన్నడు. నేను సిస్టమే అని చెప్పిన."

అల్లుడికి మొదట అర్థం కాలేదు. "ఎందుకు చెప్పినవ్ మామ గట్ల?"

"బోర్డు గావాలె గదా."

"అమ్మకు తెలుసా?"

"తెల్వదు. నాకొక్కనికే."

"అంటె బాపు మంచిగైతుండె."

"డాక్టర్ గట్లనే అన్నడు."

బావ నన్నే చూస్తున్నాడు. నోరు కదిలింది. మాట కోసం మెడ నరాలు బిగిశాయి. తిట్టేమో, లేక ఊరుకోమని చెప్పడమేమో. నేను కదలకుండా ఎదురుచూశాను. పెదవులు ఒక అక్షరం దగ్గర ఆగి, అక్కడే ఉండి, అలిసిపోయి మూసుకున్నాయి. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. అప్పటి నుంచి ఎప్పుడు వెళ్లినా ఆ మాట అడుగుదామనుకుంటాను. అడిగే ధైర్యం లేదు. అడిగినా ఆయన చెప్పలేడు.

అక్క ప్రసాదం పట్టుకుని పైమెట్టు మీద కనిపించింది. వెళ్దామన్నట్టు చెయ్యి ఊపింది. బావను లేపాలి. ఇద్దరుంటే గాని కాదు. వచ్చేటప్పుడు ఎడమ పక్క వాడు, కుడి పక్క నేను పట్టుకున్నాం. నేను లేచి బావ కుడి చంక కింద చెయ్యి పెట్టబోయాను. అల్లుడు నా చేతిని పక్కకు తీసేశాడు. గట్టిగా తోయలేదు. పళ్లెం మీద వాలిన ఈగను తోలినట్టు తోశాడు. తర్వాత అటుగా తడి పంచెతో వెళ్తున్న ఎవరో తెలియని మనిషిని పిలిచాడు.

"అన్నా, జర మా బాపును ఈ పక్క పట్టుకుంటవా? మెట్లెక్కియ్యాలె."

ఆ మనిషి సంచీ కింద పెట్టి వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని ఒక్కొక్క మెట్టే ఎక్కించారు. ఆ తెలియని మనిషి సంచీ నేను పట్టుకుని వాళ్ల వెనక నడిచాను.